నేలసంపెంగ: పూత ముగిసిన పిదప తోటను, గడ్డలను కాపాడు విధము

నేలసంపెంగను మన పూల అంగళ్లవారు లిల్లీ యందురు. కన్నడ సీమలో దానికి సుగంధరాజ మని పేరు. ఉత్తర హిందూస్థానమున రజనీగంధ యందురు. పేరేదైనను పూవును కోయుట, మూటగట్టుట, తెల్లవారకముందే అంగడికి చేర్చుట రైతులెల్లరు నేర్చికొన్న పనులే. పూత ముగిసిన పిదప ఆ తోటను ఏమి చేయవలెనను విషయము మాత్రము పెక్కుమంది ఆలోచింపరు. పూవులు తగ్గగానే నీరు కట్టివేయుదురు. ఆకులు పచ్చగానున్నవి గదా యని గొడ్లను తోలుదురు. కొందరు ఆకులన్నియు మొదలంట కోసి తోటను శుభ్రపరచితిమని తృప్తిపడుదురు. మరుసటి యేడు కాడలు సన్నమై, పొట్టివై, కాడకు పది పూవులు కూడ నిలువకపోయినప్పుడు గడ్డ మంచిది కాదని దానిని అమ్మినవానిని నిందింతురు. నిజమునకు ఆ గడ్డ చెడినది అమ్మినవాని యింట గాదు. పూత ముగిసిన మూడు నాలుగు నెలలలో మన చేనిలోనే చెడినది.

గార్లదిన్నె మొదలగు పెన్న పరివాహక గ్రామములందు ఎఱ్ఱనేలలలో బోరు క్రింద పది సెంట్లో, పాతిక సెంట్లో పూలతోట పెట్టదలచిన రైతులకును, ఇదివరకే పెట్టినవారికిని ఈ కరపత్రము ఉద్దేశింపబడినది. నాటుట, పూవు కోయుట మొదలగు సంగతులు ఇందు విస్తరింపబడవు. పూత ముగిసినది మొదలు మరల గడ్డ నాటువరకు చేయవలసిన సేద్యమే ఇందలి విషయము.

చలిదేశముల తోట పుస్తకములను చదువువారికి ఐరిస్ అను పూమొక్క పరిచితమై యుండును. కాశ్మీరమున దానిని సమాధులపై నాటుట పూర్వాచారము. పూత ముగియగానే దాని కాడను మాత్రము కోసి, ఆకులను నిలిపి, కొన్ని యేండ్ల కొకసారి దుంపలను త్రవ్వి విడదీసి నాటుదురు. ఆ మొక్కలో పేరొందిన జాతులకు చలికాలపు మంచు వలయును; మన మెట్టభూములలో అవి తృప్తిగా పూయవు. అయినను దానికి చెప్పిన సేద్యక్రమము చాలవరకు మన నేలసంపెంగకు చెల్లును. ఒక్క భేదమును మాత్రము గుర్తుంచుకొనవలెను. ఐరిస్ దుంపను వీపు ఎండకు తగులునట్లు నేలమట్టమున నాటుదురు. నేలసంపెంగ గడ్డను అట్లు నాటినచో మన ఏప్రిల్ ఎండకు ఉడికిపోవును. దీనిని రెండంగుళముల లోతున మట్టి క్రిందనే ఉంచవలెను.

గడ్డ యొక్క స్వభావము

నేలసంపెంగ పుట్టిల్లు మెక్సికో దేశము. అచ్చటి పూర్వజనులు దీనిని ఎముకపూవు అను అర్థము గల పేరుతో పిలిచెడివారు. పూవు తెలుపును బట్టి ఆ పేరు వచ్చియుండవచ్చును. పదునారవ శతాబ్దమున అది ఐరోపాకు చేరినది. అచ్చటి తోటలనుండి మన దేశమునకు వచ్చినది. పేరునకు లిల్లీ యైనను ఇది లిల్లీ జాతి కాదు. నేటి వృక్షశాస్త్రజ్ఞులు దీనిని కిత్తలి జాతిలోనే చేర్చినారు. మన చేని గట్లమీద, రైలుకట్టల ప్రక్క ముండ్ల మట్టలతో నిలిచియుండు కిత్తనార మొక్కకు ఈ సుకుమారపు పూవు దాయాది యన్నచో ఆశ్చర్యము కలుగును గాని, ఆ బంధుత్వము తెలిసినవానికి దీని సేద్యము సులభముగా బోధపడును.

కిత్తలి యేమి చేయునో రైతులు చూచియేయున్నారు. అది పెక్కేండ్లు మట్టలు పెంచుకొని, ఒకనాడు స్తంభమువంటి కాడ నెత్తి పూచి, ఆ పూతతో చచ్చిపోవును. చచ్చుటకు ముందే దాని మొదట పిల్లమొక్కలు లేచియుండును. నేలసంపెంగయు అదే వంశాచారమును పాటించును. ఒకసారి కాడ వేసిన గడ్డ మరల కాడ వేయదు. దాని ప్రక్కల నంటుకొని పుట్టిన పిల్లగడ్డలే తరువాతి పూతకు ఆధారము. అనగా మీరు పూవు కోసికొన్న గడ్డ తన పని తీర్చుకొన్నది. మరుసటి యేటి పూవు ఆ పిల్లగడ్డల పొట్టలో నున్నది.

పిల్లగడ్డకు ఆహార మెచ్చటినుండి వచ్చును? ఆకునుండి. ఆకు ఎండను, గాలిని, నీటిని కలిపి వండిన పిండిపదార్థము కాడ యున్నంతవరకు కాడకును పూవునకును పోవును. కాడ తొలగిన పిదప అది క్రిందికి దిగి గడ్డలో నిలువయగును. కావున పూత ముగిసిన తరువాత పచ్చగా నున్న ఆకు వ్యర్థమైన ఆకు కాదు. అప్పుడే అది మీ కొరకు పనిచేయుచున్నది. ఆ సమయమున ఆకు కోసినవాడు గాదెలో ధాన్యము పోయుచున్న కూలివానిని నడుమ వెళ్లగొట్టినవాడగును.

కాడను కోయుట, ఆకును నిలుపుట

మన ప్రాంతమున నాటిన మూడు నెలలకు, లేదా మూడున్నర నెలలకు తొలి కాడలు వచ్చును. తరువాత కుదురునుండి కుదురునకు హెచ్చుతగ్గులుగా కాడలు వచ్చుచుండును. వానకాలమంతయు పూత బలముగా నుండును. చలి ముదిరినకొలది తగ్గును. పుష్యమాసము నాటికి చాల తోటలలో కాడ యరుదగును.

విడిపూవు కోయు ఒంటిరేకు తోటలలో పూవులన్నియు కోసిన పిదప మోడుకాడ మిగులును. దానిని అట్లే విడువక, ఆకుల నడుమ రెండు మూడంగుళములు విడిచి పదునైన కొడవలితో కోయవలెను. చేతితో పెరికినచో కాడతోబాటు గడ్డ కదలి వేళ్లు తెగును. ఒక్కొకప్పుడు గడ్డయే ఊడివచ్చును. ఈ పనిని వారమున కొకసారి పూవు కోతతో కలిపి చేసికొన్నచో ప్రత్యేకముగా కూలి పెట్టనక్కరలేదు.

ఇచ్చట ఒక సంగతి. ఆషాఢమునందును, శూన్యమాసములందును పెండ్లిండ్లు లేక పూల ధర పడిపోవును. కోతకూలి కూడ రాదని రైతు పూవును కాడమీదనే విడుచును. అట్లు విడుచుట వాని లెక్క ప్రకారము సబబే కావచ్చును. కాని ఒంటిరేకు జాతి పూవు కాడమీద మిగిలినచో కాయ కట్టి గింజ పట్టును. గింజకొరకు మొక్క వెచ్చించు బలము గడ్డకు చేరవలసినదే. కావున పూవు అమ్ముడుపోని దినములలో కూడ కాడను కోసి దిబ్బలో వేయుట మేలు. విడిపూవు కోయుటకు పట్టు కూలిలో నాలుగవవంతు కూడ కాడ కోయుటకు పట్టదు. ముద్దపూవు జాతి సాధారణముగా గింజ పట్టదు. అయినను ఎండిన కాడలు కుదురులో నిలిచి నీటిని పట్టి కుళ్లునకు దారితీయును గనుక వానిని కూడ తీసివేయవలెను.

ఆకు విషయమున నియమ మొక్కటే. పూర్తిగా పసుపుబారి నేలకు వాలిన ఆకును తీయవచ్చును. పచ్చని ఆకును ముట్టరాదు. సగము పచ్చ, సగము పసుపు ఉన్నదానిని కూడ అట్లే ఉంచవలెను. గొడ్లను, మేకలను తోటలోనికి తోలుట వలన ఆకునష్టమొకటి, కుదుళ్లమీద గిట్టలు పడి పైనున్న పిల్లగడ్డలు నలుగుట మరియొకటి. కొందరు ఎండుటాకును తోటలోనే కాల్చుదురు. పిల్లగడ్డలు తల్లిగడ్డకంటె పైకి, నేలమట్టమునకు దగ్గరగా పుట్టునవి; ఆ మంట వేడి మొదట తగులునది వానికే.

నీరు: రెండు మార్గములు

ఈ జిల్లాలో ఏ పంట మాట యెత్తినను చివరకు నీటిమాటకే వచ్చును. సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము. అదియును నియమము లేనిది. పెనకచెర్ల వద్ద మిడ్ పెన్నార్ జలాశయము గార్లదిన్నె మండలములోనే యున్నను, తుంగభద్ర ఎగువ కాలువనుండి దానికి చేరు నీరు వేసవిలో పూలతోటకు ఆధారము కాజాలదు. బోర్లలో నీరు మాఘ ఫాల్గుణములనుండి దిగజారుట అందరెరిగినదే. కావున పూత ముగిసినంతనే రైతు తన్ను తాను అడుగవలసిన ప్రశ్న ఇది: మే నెల చివరివరకు ఈ తోటకు వారమునకు ఒక తడియైనను ఈయగలనా?

ఈయగలిగినవాడు తోటను నేలలోనే ఉంచి, చెరకులో కార్శి తోట వలె, రెండవ యేడు పూయించుకొనవచ్చును. ఈయలేనివాడు గడ్డలను త్రవ్వి ఇంట నిలువచేయవలెను. ఈ రెండును మంచి మార్గములే. మూడవ మార్గమే చెడ్డది. అనగా తీర్మానము చేయక, ఉన్నన్నాళ్లు నీరు పెట్టి, బోరు ఎండినప్పుడు తోటను దేవునిమీద విడిచిపెట్టుట. ఎండలకు నేల వేడెక్కును. ఎఱ్ఱనేల పైపొర బూడిదవలె పొడియగును. నడుమ నొక అకాలపు వాన కురిసినచో నిద్రించుచున్న గడ్డ మేలుకొని మొలకెత్తి, తరువాత నీరు లేక ఆ మొలకను ఎండగొట్టుకొనును. ఇట్లు రెండుమారులు జరిగినచో గడ్డ సన్నగిల్లి గవ్వంత యగును.

నేలసంపెంగలో మన మెట్టరైతునకు గల గొప్ప సౌకర్యము ఇదియే యని చెప్పవలెను. మల్లెతోట, చీనీతోట నీరు లేనియెడల నిలువున ఎండును. వానిని చుట్టి ఇంట పెట్టుకొనలేము. నేలసంపెంగ గడ్డ నీరులేని నెలలను నులకమంచముమీద గడుపగలదు. కరవు తీరినప్పుడు మరల నేలలో పెట్టినచో లేచును. తోటకు పెట్టిన పెట్టుబడిలో పెద్దభాగము గడ్డల ఖరీదే గనుక, గడ్డ దక్కినచో పెట్టుబడి దక్కినట్లే.

ఉంచిన తోట సంగతి

తోటను నేలలో నిలుపదలచినవారు పూత తగ్గిన పుష్యమాఘములలో ఎండిన కాడలను, వాలిన ఆకులను తీసి, గఱిక, తుంగ సమూలముగా ఏరివేయవలెను. తుంగగడ్డ నేలసంపెంగ కుదురులో చేరినచో తరువాత దానిని వేరుచేయుట దుస్సాధ్యము. పిదప సాళ్లనడుమ మట్టిని రెండంగుళముల లోతు మించకుండ గుల్లచేసి, బాగుగా మాగిన పశువుల ఎరువును సెంటుకు ఒక క్వింటాలు వంతున, అనగా ఎకరాకు 10 టన్నులు చల్లి, మట్టిని కుదుళ్లమొదళ్లకు ఎగదోయవలెను. పైకి తేలిన పిల్లగడ్డలు ఈ మట్టితో కప్పబడుట ముఖ్యము. చాలమంది ఎరువు వేయుదురు గాని మట్టి ఎగదోయుట మానుదురు. రెండవ యేటి పూత తగ్గుటకు అదియు నొక కారణము.

నత్రజని, భాస్వరము, పొటాషు ఒక్కొక్కటి సాలుకు ఎకరాకు 80 కిలోల వంతున ఈ పంటకు సాధారణముగా సిఫారసు చేయుదురు. మన్ను పరీక్షించుకొని హెచ్చుతగ్గులు చేసికొనవలెను. భాస్వరమును, పొటాషులో సగమును మట్టి ఎగదోయునప్పుడే వేయవచ్చును. నత్రజనిని ఒక్కమారే గుమ్మరింపక మూడు నాలుగు వంతులుగా, అందులో హెచ్చు పాలు తొలకరి తరువాతనే వేయవలెను. వేసవిలో యూరియా వేసి ఆకును నిగనిగలాడించుట కన్నులకు ఇంపు. గడ్డకు ప్రయోజనము స్వల్పము.

వేసవి తడులు పలుచగా నుండవలెను. డ్రిప్పు ఉన్నవారు కొంచెము కొంచెముగా నీరు విడుచుట మిక్కిలి శ్రేష్ఠము. ఈ రాష్ట్రమున 2003 లో సూక్ష్మ సేద్య పథకము ఆరంభమైన పిదప మన జిల్లాలో చీనీతోటలకు డ్రిప్పు బాగుగా అలవాటైనది. అదే రీతిని పూలమళ్లకు కూడ అమర్చుకొనవచ్చును. వేరుసెనగ పొట్టునో, ఎండుగడ్డినో సాళ్లనడుమ రెండంగుళముల మందమున పరచినచో తడికి తడికి నడుమ రెండు మూడు దినములు కలిసివచ్చును. అయితే మొదలుకుళ్లు కనబడిన వేరుసెనగ చేని పొట్టును ఎంతమాత్రమును తేరాదు. కారణము ముందు చెప్పబడును.

ఒక తోటను ఎన్నియేండ్లు ఉంచవచ్చును? పుస్తకములలో మూడేండ్లవరకు అని యున్నది. మన నేలలలో రెండు పూతలు చూచి త్రవ్వుట మేలని ఈ కరపత్రకర్త యభిప్రాయము. మూడవ యేటికి కుదురు గడ్డలతో క్రిక్కిరిసి, ఒకదానినొకటి నొక్కుకొని, కాడలు సంఖ్యకు హెచ్చినను పొడవునకు తగ్గును. విడిపూవు తూకమునకు అమ్మువారు దీనిని కొంత సహింపవచ్చును గాని, కాడలు కట్టగట్టి అమ్మువారికి అది నష్టమే.

గడ్డలను త్రవ్వుట

గడ్డ పక్వమైనదను గుర్తు ఆకులోనే కనబడును. క్రొత్త కాడ రాక, వెలుపలి ఆకులు పసుపుబారి, కొనలనుండి ఎండుచు వచ్చినప్పుడు గడ్డ నిద్రకు సిద్ధమైనట్లు. నీరు కట్టి ఎండగొట్టిన ఆకును, పక్వమై ఎండిన ఆకును ఒకటిగా భావింపరాదు. మొదటిదానిలో గడ్డ మెత్తగా, నీరుగా నుండి నిలువలో కుళ్లును. కావున పూత ముగిసిన పిదప కనీసము నాలుగైదు వారములు తడులను క్రమముగా తగ్గించుచు ఇచ్చి, ఆకు పసుపుబారుట మొదలిడిన తరువాతనే నీటిని పూర్తిగా ఆపవలెను. ఆపిన రెండు మూడు వారములకు త్రవ్వవచ్చును.

నేల మరీ గట్టిపడినచో ఎఱ్ఱనేలలో గడ్డపార దిగదు. బలవంతముగా పొడిచినచో గడ్డలు చీలును. త్రవ్వుటకు మూడునాళ్ల ముందు చాలు తడియునంత నీరు చిలికించుటలో దోషము లేదు. గడ్డపారను కుదురునకు ముక్కాలడుగు దూరమున దించి, కుదురునంతను మట్టితోబాటు క్రిందినుండి ఎత్తి, చేతితో విదిలింపవలెను. ఆకులను పట్టి లాగరాదు. చీలిన గడ్డ, పార తగిలిన గడ్డ అప్పటికప్పుడే వేరు బుట్టలో వేయవలెను. ఒక్క దెబ్బతిన్న గడ్డ నిలువలో పదింటిని చెరచును.

తోటనంతను త్రవ్వుటకు ముందు ఒక చిన్న లెక్క చేసికొనుట మంచిది. అడ్డముగా ఒకటిన్నర అడుగు, నిలువుగా ఎనిమిదంగుళములు ఎడముతో నాటినచో ఒక్కొక్క గడ్డకు సరిగా ఒక చదరపు అడుగు నేల పడును. అనగా సెంటుకు 435 గడ్డలు, ఎకరాకు 43,560. తోటలో నడుమనుండి, అంచులనుండి ఎంపిక లేకుండ పది కుదుళ్లను త్రవ్వి, అడ్డుకొలత అంగుళమునకు తగ్గని గడ్డలను లెక్కింపుడు. పదింట ముప్పది తేలినచో కుదురునకు మూడు. అట్లయిన మీ పది సెంట్ల తోట ముప్పది సెంట్లకు నాటుగడ్డ నీయగలదు. పదింట పదునైదే తేలినచో గడ్డలు ఇంకను పెరుగలేదన్నమాట. నీరున్నవాడు మరియొక యేడు ఆగుట మేలు. ఈ లెక్క లేకుండ, పొరుగువాడు త్రవ్వుచున్నాడని త్రవ్వుట తగదు. మిగులు గడ్డను అమ్మదలచినవారికి కూడ కొనువానితో మాటలాడుటకు ఈ సంఖ్య ఉపకరించును.

ఆరబెట్టుట, నిలువచేయుట

త్రవ్విన గడ్డలను నీటితో కడుగరాదు. మట్టి రాలునట్లు తట్టి, ఎండిన ఆకులను గడ్డకు ఒక యంగుళము పైన కోసి, పొడవైన వేళ్లను కత్తిరించి, చెట్టునీడనో వసారాలోనో ఆరబోయవలెను. ఎండలో పోయుట పెద్ద తప్పు. ఒక మధ్యాహ్నపు ఎండకే గడ్డ పైపొర ఉడికినట్లయి తరువాత బూజుపట్టును. వారము పది దినములకు పొరలు గలగలలాడునట్లు ఎండిన పిదప పిల్లగడ్డలను చేతితో విడదీయవలెను. సులభముగా విడివడునవే విడదీయుడు. గట్టిగా అంటుకొన్న చిన్నవానిని పెరికినచో గడ్డ అడుగున వేళ్లు పుట్టు పీఠము చిట్లి రెండును పనికిరాకపోవును.

నిలువచేయు చోటు చల్లగా, పొడిగా, గాలి తగులునట్లుండవలెను. నులకమంచములు, వెదురుతడికలు ఇందుకు మిక్కిలి అనువైనవి, ఏలయన క్రిందినుండి కూడ గాలి ఆడును. రెండు మూడు వరుసలకు మించి ఎత్తుగా పోయరాదు. మూడు నాలుగు దినముల కొకసారి చేతితో తిరుగవేసి, మెత్తబడినవానిని ఏరి పారవేయవలెను. గోనెసంచులలో కుక్కి మూలనుంచుటయు, పాలిథీన్ సంచులలో కట్టుటయు గడ్డలను చేజేతుల చంపుటయే. గడ్డ ఊపిరి విడుచును. ఆ చెమ్మ పోవుటకు దారి లేనిచో లోపల వేడెక్కి పులియును. సంచిలో చేయిపెట్టి చూచినచో ఆ వేడి మీకే తెలియును.

త్రవ్విన గడ్డకు నాలుగు మొదలు ఆరు వారముల విశ్రాంతి యవసరము. వెంటనే నాటినచో మొలక ఒక్కొక్కటి ఒక్కొక్క దినమున వచ్చి తోట సమముగా నుండదు. ఫాల్గుణమున త్రవ్వి తొలకరికి నాటు మన పద్ధతిలో ఈ విశ్రాంతి తానే సమకూరును.

నాటుటకు ముందు గడ్డలను మూడు కుప్పలు చేయవలెను. అడ్డుకొలత అంగుళము, ఆపైన ఉన్నవి పూతకు. ముప్పావు అంగుళమునకు పైబడినవి ఒక మూల దగ్గర దగ్గరగా నారువలె నాటి ఒక యేడు పెంచుటకు. అంతకన్న చిన్నవి దిబ్బకు. పెద్దవియు చిన్నవియు కలిపి నాటినచో పూత ఒక్కమారుగా రాక కోతకూలి పెరుగును. పూర్వము కాడ వేసిన తల్లిగడ్డలు నడుమ ఎండిన కాడ మొదలుతో, వదులైన పొరలతో తేలికగా నుండును, వానిని ఏరివేయవలెను. గడ్డలను తూకమునకు కొనువారు ఇట్టి తల్లిగడ్డలు కలిసియున్నవేమో చూచి కొనుట మంచిది.

వేరుసెనగ నేల, టమాటా నేల

మన ప్రాంతమున నేలసంపెంగకు ప్రధాన శత్రువు వానలో రాదు, గాలిలో రాదు, నేలలోనే యుండును. వేరుసెనగ చేనిలో మొక్క మొదట తెల్లని దారములవంటి బూజు కమ్మి, దానిపై ఆవగింజలవంటి గోధుమవన్నె గుండ్లు కట్టి, చెట్టు వాడిపోవుట రైతులు ఎరుగుదురు. శాస్త్రజ్ఞులు దానిని స్క్లెరోషియం రోల్ఫ్‌సి యందురు. నేలసంపెంగ మొదలుకుళ్లునకు కారణమైన శిలీంధ్రము అదియే. ఆ ఆవగింజల గుండ్లు నేలలో కొన్నియేండ్లు ప్రాణముతో నుండును. కావున వేరుసెనగలో ఈ తెగులు చూచిన మడిలో నేలసంపెంగ నాటకుండుటయే మొదటి చికిత్స. నాటక తప్పనిచో వేసవిలో లోతుగా దున్ని, జొన్నయో కొఱ్ఱయో ఒకటి రెండు పైరులు తీసి, పిదప నాటవలెను. 90 కిలోల మాగిన పశువుల ఎరువులో 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, తడిగోనె కప్పి వారము దినములు నీడన ఉంచి, ఎకరాకు వేయుట సాధారణముగా సిఫారసు చేయు పద్ధతి. పూత ముగిసిన తోటలో మట్టి ఎగదోయు సమయమే దీనికి కూడ అదను. తెగులు సోకిన కుదురును చుట్టు మట్టితోసహా ఎత్తి తోట వెలుపల కాల్చి, ఆ గుంటను లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి తడుపవలెను.

రెండవ శత్రువు వేరుబుడిపె నులిపురుగు. టమాటా, వంగ, బెండ మొక్కల వేళ్లపై బుడిపెలు కట్టించునది ఇదియే. టమాటా తీసిన మడిలో వెంటనే నేలసంపెంగ నాటుట దానికి విందు పెట్టుట. త్రవ్వినప్పుడు వేళ్లను పరిశీలింపక పారవేయరాదు. బుడిపెలున్నచో ఆ మడిలో ఒక పైరు బంతి వేసి, గడ్డలను వేరొక మడిలో నాటవలెను. బెంగళూరు సమీపమున హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారు సృష్టించిన శృంగార్ అను ఒంటిరేకు రకము ఈ పురుగునకు తట్టుకొనును. అచ్చటివే యగు ప్రజ్వల్ ఒంటిరేకు, సువాసిని, వైభవ్ ముద్దపూవు రకములు. దండలకు, విడిపూవునకు ఒంటిరేకు, కట్టకాడలకు ముద్దపూవు. మన అంగళ్లలో చెల్లుబాటు ఎక్కువ ఒంటిరేకునకే గనుక మొదటిసారి పెట్టువారు శృంగారునో ప్రజ్వలునో ఎన్నుకొనుట క్షేమము.

దూరప్రాంతములనుండి చౌకగా వచ్చు గడ్డలను గూర్చి ఒక మాట. పశ్చిమ బెంగాలు పూలతోటలలో మొగ్గలను, ఆకులను వికారపరచు మరియొక నులిపురుగు గలదు. అది గడ్డలలో దాగి ప్రయాణము చేయును. ఆ పురుగు ఒకసారి చేనికి వచ్చినచో వెళ్లగొట్టుట కష్టము. ఆరోగ్యమైన మీ తోట గడ్డనే ఏరి, ఆరబెట్టి, కాపాడుకొన్నచో కొనవలసిన యవసరమే రాదు.

మరల నాటుట

మృగశిర కార్తెలో, నేల ఒక పదును తడిసిన పిదప నాటిన గడ్డ దసరా దీపావళుల నాటికి పూతకు వచ్చును. కార్తికమాసపు పూజలకును పెండ్లిండ్లకును ధర యుండు కాలమది. నీటివసతి గలవారు సగము మడిని ఏప్రిల్ మొదట నాటి శ్రావణమాసపు అంగడిని కూడ అందుకొనవచ్చును. గడ్డ మొలక కొనపై రెండంగుళముల మట్టి యుండునట్లు నాటి, వెంటనే ఒక తడి ఇచ్చి, మొలక కనబడువరకు మరల నీరు పెట్టకుండుట మేలు; వేళ్లు లేని గడ్డకు హెచ్చు నీరు కుళ్లు తెచ్చును. వానలో నాటినవారు ఆ తొలి తడి కూడ ఈయనక్కరలేదు.

త్రవ్వినప్పుడు గడ్డలలో కుళ్లుగాని, వేళ్లపై బుడిపెలుగాని కనబడి కారణము తెలియనిచో, ఐదారు కుదుళ్లను మట్టితోసహా తడిగోనెలో చుట్టి, అదే దినమున బుక్కరాయసముద్రము మండలమందలి రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రమునకుగాని, రేకులకుంట వ్యవసాయ పరిశోధన స్థానమునకుగాని తీసికొనిపోయి చూపవలెను. పొరుగుమడిలో అంతకుముందు ఏ పైరు వేసినదియు, చివరి తడి ఎన్నడిచ్చినదియు ఒక కాగితముపై వ్రాసికొని వెళ్లినచో పరీక్షించువారికి పని సులభమగును. కడిగిన గడ్డలను తీసికొనిపోరాదు. తెగులు గుర్తు చాలవరకు మట్టిలోను, వేళ్లలోను ఉండును.